చప్పుడు లేని తనిఖీ

అప్పిచ్చువాడు పుచ్చుకొనువాని స్థితిగతులు విచారించుట లోకమున అనాదిగా నున్న ఆచారము. మన పట్టణముల వర్తకవీథులలో షావుకారు తన అరుగుమీద గూర్చుండి, ఫలానివాని నడత యెట్టిది, వానికి బయట బాకీలెన్ని, పంట యెట్లు పండినది అని నలుగురిని అడిగి తెలిసికొనిన పిమ్మటనే నోటు వ్రాయించుకొనెడివాడు. ఇందులో తప్పు లేదు. ఆ కాలపు వడ్డీవ్యాపారము ధర్మస్వరూపమని మేము చెప్పబోము. తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనినవారును ఆ అరుగులమీదనే యుండిరి. అయినను ఆ విచారణకు ఒక స్వభావము కలదు. అడిగినవాడెవడో ఊరికి తెలిసెడిది. ఉదయము అడిగిన మాట సాయంకాలమునకు ఋణస్థుని చెవిని బడెడిది. తన్నుగూర్చి యెవరు, ఎప్పుడు, ఏమని విచారించిరో తెలిసికొని, అబద్ధమైనచో కాదని చెప్పుకొనుటకు వానికి అవకాశముండెడిది.

నేడు అరుగు పోయినది, ఆవర్జా పోయినది. వానికి బదులుగా కంటికి కనబడని పెద్ద ఖాతాపుస్తకము వచ్చినది. దేశమందలి క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 ఫిబ్రవరిలో 10 కోట్లు దాటినది. ఈ కార్డులు గలవారిలో ప్రతివాని చరిత్రయు, అనగా వాడు ఏ బ్యాంకునకు ఎంత బాకీయున్నదియు, ఏ నెలలో ఎన్ని దినములు ఆలస్యముగా చెల్లించినదియు, క్రొత్తగా ఎక్కడ అప్పు నడిగినదియు, ఋణసమాచార సంస్థల యొద్ద వ్రాయబడియున్నది. కార్డు నిచ్చిన బ్యాంకు ఆ పుటను ఒక్కసారి చూచి మూసివేయుట లేదు. కార్డు చేతికి వచ్చిన తరువాతను, మనము ఏమియు అడుగకుండగనే, మరల మరల తెరచి చూచుచున్నది. ఇట్టి పరిశీలనకే బ్యాంకులవారి పరిభాషలో సాఫ్ట్ చెక్ అని పేరు. మేము దీనిని మెత్తని తనిఖీ యనెదము. నేడు మా విచారమంతయు దీనిని గూర్చియే.

పాఠకులకు మొదట ఈ భేదము స్పష్టపడవలెను. తనిఖీలు రెండు విధములు. మనమే పోయి క్రొత్త అప్పునకో క్రొత్త కార్డునకో దరఖాస్తు పెట్టుకొనినప్పుడు బ్యాంకు మన చరిత్రను తెప్పించుకొని చూచును. అది గట్టి తనిఖీ. ఆ సంగతి మన రిపోర్టులో నమోదగును. ఇతర బ్యాంకులు దానిని చూడగలవు. స్వల్పకాలములో అట్టివి పెక్కు చేరినచో, వీడు అప్పులకై తిరుగుచున్నాడను అనుమానము పుట్టి స్కోరు కొంత తగ్గవచ్చును. రెండవది మెత్తని తనిఖీ. మన రిపోర్టును మనమే తెప్పించుకొనుట, మనకు కార్డు నిచ్చిన బ్యాంకు తన ఖాతాదారుల స్థితిని మధ్యమధ్య చూచుకొనుట, అడుగకయే అప్పు నిచ్చెదమని పిలుచుటకు ముందు బ్యాంకులు మనుష్యులను వడపోయుట, ఇవన్నియు ఈ జాతిలోనివి. వీనివలన స్కోరు తగ్గదు. ఇతర బ్యాంకులకు వీని జాడ కనబడదు.

ఈ పని జరుగు విధమును గూడ చెప్పెదము. బ్యాంకు ఒక్కొక్క ఖాతాదారుని పేరు విడిగా అడుగదు. వేలు లక్షలుగా పేర్లను ఒక్క జాబితాగా కూర్చి ఋణసమాచార సంస్థకు పంపును. ఆ సంస్థ ప్రతి పేరునకు ఎదుట నేటి స్కోరును, ఇతర బ్యాంకులలోని బాకీలను, క్రొత్తగా పుట్టిన ఆలస్యములను చేర్చి తిరిగి పంపును. అంతట యంత్రము ఆ జాబితాను గుంపులుగా విడదీయును. కొందరికి పరిమితి పెంచుదుమని సందేశము పోవును. కొందరికి వ్యక్తిగత ఋణము సిద్ధముగా నున్నదని ఫోను మ్రోగును. కొందరికి పరిమితి తగ్గును. మరికొందరి కార్డు నిలిచిపోవును. ఖాతాదారుడు మరియొకచోట వాయిదా తప్పినను, క్రొత్త అప్పు నెత్తుకొనినను, వెంటనే తెలియజేయు ఏర్పాటును బ్యాంకులు కొనుక్కొనగలవు. ఇంత జరిగినను కార్డు జేబులో బెట్టుకొని తిరుగువానికి చీమ చిటుక్కుమనిన చప్పుడైనను వినబడదు.

బ్యాంకుల పక్షమున చెప్పదగినది కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఇంటి అప్పునకు ఇల్లును, నగల అప్పునకు నగలును తాకట్టుండును. కార్డు అప్పునకు మనుష్యుని మాట తప్ప వేరు తాకట్టు లేదు. రెండేండ్ల క్రిందట ఉద్యోగమున్నవానికి నేడు ఉండకపోవచ్చును. నాడు ఒక్క కార్డున్నవానికి నేడు ఐదు కార్డులుండవచ్చును. ఇచ్చిన నాటి లెక్కనే నమ్మి కన్నులు మూసికొనిన బ్యాంకు డిపాజిటుదారుల ధనమును ఏటిలో గలుపును. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకువారు తాకట్టులేని వినియోగఋణముల విషయమై బ్యాంకులను హెచ్చరించి, కార్డు బాకీలకు లెక్కగట్టు నష్టభారమును నూటికి 125 నుండి 150కి పెంచిరి. ఇట్టి హెచ్చరిక వెలువడినప్పుడు బ్యాంకులు తమ ఖాతాదారులను మరింత నిశితముగ పరిశీలించుట సహజమే.

ఋణముల ఉమ్మడి లెక్క లేనిచో నేమగునో తెలుగుదేశమునకు ఒకరు చెప్పనక్కరలేదు. 2010లో ఆంధ్రప్రదేశమునందు సూక్ష్మఋణముల యుపద్రవము సంభవించినప్పుడు, ఒక్కొక్క పేదరాలు మూడు నాలుగు సంస్థలకు బాకీపడి, ఒకదాని వాయిదాను మరియొకదాని అప్పుతో తీర్చుచు క్రుంగిపోయిన వృత్తాంతములు ఇంకను మనవారు మరువలేదు. ఆ అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సును తీసికొనిరావలసివచ్చినది. ఒక సంస్థ యిచ్చిన అప్పు వేరొక సంస్థకు తెలియకపోవుట ఆ యనర్థమునకు గల కారణములలో నొకటి. కావున ఉమ్మడి ఖాతాపుస్తకము వలదని మేము చెప్పుట లేదు. దానిని ఋణదాత చూడరాదనియు చెప్పుట లేదు. మా వాదము ఒక్కటే: చూచువాడు చూచినట్లు చూడబడినవానికి తెలియవలెను.

దీనికి కొందరిచ్చు సమాధానము మాకు తెలియును. “మెత్తని తనిఖీవలన స్కోరు తగ్గదుగదా, ఇతరులకు కనబడదుగదా, మీకు వచ్చిన నష్టమేమి?” అని వారడుగుదురు. ఈ ప్రశ్నలో సగము సత్యమే యున్నది. తనిఖీవలన స్కోరు తగ్గదు. తనిఖీని బట్టి బ్యాంకు చేయు కార్యమువలన తగ్గవచ్చును. ఒక చిరుద్యోగికి 1,00,000 రూపాయల పరిమితిగల కార్డు ఉన్నదనుకొందము. అందులో 30,000 వాడుకొనియున్నాడు. అనగా నూటికి 30 వంతులు. బ్యాంకు అతని చరిత్రను చాటున చూచి, వేరొకచోట ఏదో ఆలస్యము కనబడినందున పరిమితిని 40,000కు కుదించినది. అతడు క్రొత్తగా ఒక్క రూపాయియు వాడుకొనలేదు. అయినను అతని వాడకము ఆ క్షణమున నూటికి 75 వంతులైనది. పరిమితిలో ఎంతభాగము వాడుకొనుచున్నాడను లెక్క స్కోరునకు ఆధారములలో నొకటి గనుక స్కోరు దిగును. స్కోరు దిగుటచే రెండవ బ్యాంకు తన మెత్తని తనిఖీలో ఆ దిగుదలను చూచి తానును జాగ్రత్తపడును. మొదటి యాలస్యము పొరబాటున వ్రాయబడినదే యైనచో? ఆ పొరబాటును మొట్టమొదట చూచినవాడెవడు, ఎన్నడు చూచెను అను సంగతియే తెలియనప్పుడు వాడు దేనిని సరిదిద్దించుకొనును? చాపక్రింద నీరువలె వచ్చు నష్టము కాలు తడిసినవరకు కనబడదు.

ఇది మేము కల్పించిన భయము కాదు. ఈ విద్యకు పుట్టినిల్లగు అమెరికాలో జరిగిన చరిత్రయే సాక్ష్యము. 1899లో అట్లాంటా నగరమున రిటైల్ క్రెడిట్ కంపెనీ యను సంస్థ ఏర్పడి, వర్తకులకు ఖాతాదారుల విశ్వసనీయతను గూర్చిన సమాచారమును అమ్మజొచ్చినది. కాలక్రమమున అట్టి సంస్థల కాగితములలో బాకీలతోపాటు మనుష్యుల త్రాగుడు, సంసారవిషయములు, ఇరుగుపొరుగువారి చాడీలును చోటుచేసికొనెను. తన్నుగూర్చి వ్రాయబడినది చూచుటకు ఆ మనుష్యునికే హక్కు లేకపోయెను. ఆందోళన చెలరేగగా 1970లో అమెరికా కాంగ్రెసు ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టమును చేసినది. ఆ కంపెనీయే 1975లో ఈక్విఫాక్స్ అని పేరు మార్చుకొనినది.

చట్టము వచ్చినంతమాత్రమున దుర్వినియోగము ఆగలేదు. ఆ దేశపు కార్డు కంపెనీలు ఖాతాదారుల రిపోర్టులను మధ్యమధ్య చూచుచు, తమకు ఒక్క వాయిదాయైనను తప్పనివానికిని, వేరొకచోట ఆలస్యము కనబడినదనియో స్కోరు తగ్గినదనియో వడ్డీ పెంచుచువచ్చినవి. అదివరకే వాడుకొనిన పాత బాకీకిని ఆ క్రొత్త వడ్డీయే పడెడిది. ఒకచోటి తప్పునకు అన్నిచోట్లను దండన వేయు ఈ పద్ధతికి యూనివర్సల్ డిఫాల్ట్ అని పేరు బెట్టిరి. 2007 డిసెంబరులో సెనేటర్ కార్ల్ లెవిన్ అధ్యక్షత వహించిన సెనేటు ఉపసంఘము, సకాలమున చెల్లించుచున్న ఖాతాదారులకు స్కోరును బట్టి వడ్డీ పెంచిన వృత్తాంతములను బహిరంగముగ విచారించినది. తుదకు 2009 మేలో అధ్యక్షుడు ఒబామా సంతకముతో కార్డుల చట్టము వెలువడి, కొన్ని యపవాదములు తప్ప, పాత బాకీలపై వడ్డీ పెంచుటను నిషేధించినది. ఏండ్లతరబడి చాటున నడచిన తనిఖీలు కుటుంబముల నెత్తిపై బరువును మోపినపిదప గాని ప్రభుత్వము కన్ను విప్పలేదు.

అయినను ఆ చట్టములందు మనము గ్రహింపదగిన న్యాయము కలదు. కార్డు నిచ్చినవాడు ఖాతాను పునఃపరిశీలించుటకై రిపోర్టును చూచుటను 1970 నాటి చట్టము, తరువాతి సవరణలతో, అనుమతించుచున్నది. కాని దానితోపాటు మూడు కట్టుబాట్లు విధించినది. మొదటిది: ఒకడు తన రిపోర్టును తెప్పించుకొనినచో, గడచిన ఏడాదిలో దానిని తెప్పించుకొనినవారి పేర్లు, మెత్తని తనిఖీ చేసినవారితో సహా, అందులో వానికి చూపవలెను. ఇతర బ్యాంకులకు కనబడనిది వానికి మాత్రము కనబడును. రెండవది: రిపోర్టును బట్టి వానికి ప్రతికూలమగు చర్య తీసికొనినచో ఆ సంగతిని వానికి తెలిపి, ఏ సంస్థ రిపోర్టును చూచితిమో పేరు చెప్పవలెను, అట్టివాడు 60 దినములలో అడిగినచో ఉచితముగ రిపోర్టు నొసగవలెను. మూడవది: అడుగని అప్పులను ఎరజూపుటకై తన పేరును జాబితాలలో చేర్చవలదని చెప్పుకొను హక్కు ప్రతివానికిని కలదు. ధనస్వామ్యమునకు ఆటపట్టగు దేశముననే ఇంతమాత్రపు మర్యాద సాధ్యమైనప్పుడు మనకు ఏల సాధ్యము కాదు?

మన దేశపు స్థితిని చూతము. 2000లో సిబిల్ సంస్థ స్థాపితమైనది. 2005లో పార్లమెంటు ఋణసమాచార సంస్థల నియంత్రణ చట్టమును చేయగా, 2006 డిసెంబరు 14న అది అమలునకు వచ్చినది. తన రిపోర్టును తెప్పించుకొని చూచుటకును, తప్పులు దిద్దించుకొనుటకును ఆ చట్టము ప్రజలకు మార్గము చూపినది. ప్రతి సంస్థయు ఏటికొకసారి పూర్తి రిపోర్టును ఉచితముగ నీయవలెనని రిజర్వు బ్యాంకువారు 2016లో ఉత్తరువు చేయగా, 2017 నుండి ఆ సౌకర్యము లభించినది. 2022 సెప్టెంబరు 1 నుండి ఈ సంస్థలు రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ విచారణకు లోబడినవి. 2023 అక్టోబరు 26న మరియొక మంచి ఉత్తరువు వెలువడినది: ఫిర్యాదు 30 దినములలో పరిష్కరింపబడనిచో ఆ పిమ్మట దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెను; బ్యాంకు రిపోర్టును చూచినప్పుడు ఖాతాదారుని ఫోనునకో ఈమెయిలునకో హెచ్చరిక పంపవలెను. ఈ చర్యలకు మేము రిజర్వు బ్యాంకువారిని మనసార అభినందించుచున్నాము.

కాని ఆ చివరి మాటలోనే ఒక సందు మిగిలినది. ఆ విచారణ ఖాతాదారుని రిపోర్టులో నమోదైనప్పుడు మాత్రమే హెచ్చరిక పంపవలెనని ఆ ఉత్తరువు పరిమితి విధించినది. రిపోర్టులో విచారణగా నమోదగునది గట్టి తనిఖీ. అది మనము దరఖాస్తు పెట్టినప్పుడు జరుగునది. అనగా మనకు ముందే తెలిసినది. మన పేరిట మరియొకడు దరఖాస్తు పెట్టి మోసగించునప్పుడు ఈ హెచ్చరిక రక్షణ యగుట నిజము; దాని విలువను మేము తగ్గింపము. అయినను మనకు తెలియకుండ జరుగు మెత్తని తనిఖీకి ఆ గంట మ్రోగదు. ముందువాకిట కావలి నిలిపి పెరటితలుపును గడియవేయక విడిచినట్లున్నది ఈ ఏర్పాటు.

కార్డుల విషయమై 2022లో రిజర్వు బ్యాంకువారు చేసిన ఉత్తరువులలోను ఇట్టి లోపమే కనబడుచున్నది. ఖాతాదారుని స్పష్టమైన సమ్మతి లేక పరిమితి పెంచరాదనిరి. దరఖాస్తును త్రోసివేసినచో ముఖ్యకారణమును వ్రాతమూలకముగ తెలుపవలెననిరి. ఎగవేతదారుడని నమోదు చేయుటకు ముందు 7 దినముల నోటీసు ఈయవలెననిరి. ఇవియన్నియు మెచ్చదగినవే. పరిమితి తగ్గించినప్పుడో, తగ్గించితిమని తెలిపిన చాలుననిరి. ఎందులకు తగ్గించితిమో, ఏ రిపోర్టును చూచి తగ్గించితిమో చెప్పవలెనని అక్కడ వ్రాయలేదు. బయట నిలిచి తలుపు తట్టినవానికి కారణము చెప్పవలెను గాని, ఏండ్లతరబడి లోపల నున్నవానికి చెప్పనక్కరలేదా?

“కార్డు పుచ్చుకొనుననాడు మీరు సంతకము చేసితిరిగదా, అందులోనే సమ్మతి యున్నది” అను వాదము మిగిలినది. ఆ సమ్మతి యెట్టిదో పాఠకులకు తెలియనిది కాదు. చీమతలకాయలంత అక్షరములతో పుటలకొలది సాగు ఆంగ్లపత్రము. లేక ఫోనులో ఒక గడి, దానిని నొక్కనిదే ముందునకు పోనీయని దారి. ఒక్కనాడు నొక్కిన ఆ గడి కార్డున్నంతకాలము ఎన్నిసారులైనను చూచుటకు అధికారపత్రమగునా? ఇంటికి ఒకనాడు అతిథిని పిలిచినవాడు ప్రతిరాత్రియు పెట్టె తెరచి చూచుకొమ్మని తాళపుచెవి యిచ్చినట్లు కాదు. పోనిండు, చట్టదృష్టిని ఆ సమ్మతి చెల్లునే యనుకొందము. చూచుటకు సమ్మతించినవాడు, చూచినట్లు తనకు తెలుపవలదని సమ్మతింపలేదుగదా!

ఇందులో స్వాతంత్ర్యప్రియులు ఆలోచింపవలసిన విషయము మరియొకటి కలదు. మన దేశమున ఈ పని చేయుచున్న సంస్థలు నాలుగు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్ పేరులోని మొదటి భాగము చికాగో నగరపు సంస్థది. ఈక్విఫాక్స్ అట్లాంటాది. ఎక్స్‌పీరియన్ ప్రధానస్థానము డబ్లిన్. క్రిఫ్ హైమార్క్ సంస్థను నడపునది ఇటలీలోని బొలోనా నగరపు క్రిఫ్. అవి మన చట్టమునకు లోబడి, మన రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేయుచున్నవి. విదేశీయులన్న కారణమున మేము వారిపై నింద మోపము. కాని వారి స్వదేశమున ఏమి జరిగినదో మరువరాదు. 2017లో ఈక్విఫాక్స్ యొద్దనుండి సుమారు 14.7 కోట్లమంది అమెరికనుల వివరములు దొంగలపాలైనవి. కోట్లాది భారతీయుల అప్పులు, ఆలస్యములు, అవసరములు ఇట్లు ఒకచోట పోగుపడినప్పుడు, ఆ పుస్తకమును ఎవరెవరు తెరచుచున్నారో ఆ భారతీయులకే తెలియకుండుట స్వరాజ్యమునకు తగిన స్థితి కాదు. స్వరాజ్యమనగా తన లెక్కను తాను చూచుకొనగలుగుట. అమెరికాలో ఆ సంస్థలు అక్కడి ప్రజలకు చూపు పట్టికను ఇచ్చటి ప్రజలకు చూపజాలమనుట చెల్లదు.

వ్యక్తి గోప్యత మౌలికమైన హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమున ఏకకంఠముగ తీర్పు చెప్పినది. హక్కు తీర్పుపుస్తకములలో నుండిన చాలదు. అది సామాన్యుని ఫోనులోనికి, వాని భాషలోనికి దిగిరావలెను.

ప్రతి తనిఖీకిని ఒక సందేశము పంపినచో జనులు విసుగుచెంది అన్నిటిని చదువక త్రోసివేయుదురనియు, నిజమైన మోసమును తెలుపు హెచ్చరికయు ఆ గుంపులో కలిసిపోవుననియు బ్యాంకులు చెప్పవచ్చును. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని దానికి ఉపాయము కలదు. ప్రతిసారి గంట కొట్టనక్కరలేదు. పట్టిక వ్రాసియుంచిన చాలును. ఖాతాదారుడు కోరి రిపోర్టును తెప్పించుకొనినప్పుడు అందులో అదియు కనబడిన చాలును. పేర్ల జాబితా పంపినప్పుడు యంత్రమునకు తెలిసినదే. వ్రాయుటకు సిరాయు అక్కరలేదు, గుమాస్తాయు అక్కరలేదు. వ్యయము కాదు అడ్డము; సంకల్పము లేకపోవుటయే అడ్డము.

కావున మేము రిజర్వు బ్యాంకువారి యెదుట నాలుగు కోరికలు ఉంచుచున్నాము. మొదటిది, గడచిన పండ్రెండు మాసములలో మెత్తని తనిఖీ చేసిన ప్రతి సంస్థ పేరును, తేదీని, ప్రయోజనమును ఖాతాదారునికి మాత్రము కనబడునట్లు రిపోర్టులో చేర్చవలెను. రెండవది, ఆ తనిఖీని బట్టి పరిమితి తగ్గించినను, కార్డు నిలిపినను, కారణమును, రిపోర్టు నిచ్చిన సంస్థ పేరును వెంటనే తెలిపి, ఆ రిపోర్టును ఉచితముగ చూపవలెను. మూడవది, అడుగని అప్పులకై తన్ను వడపోయవలదని చెప్పువానికి ఒక్క చోట, ఒక్క మాటతో, ఆ కోరిక చెల్లునట్లు ఏర్పాటు చేయవలెను. నాలుగవది, ఈ రిపోర్టులును సందేశములును తెలుగువానికి తెలుగున అందవలెను. తనకు అర్థము కాని భాషలో తన తప్పు వ్రాయబడియుండగా దానిని దిద్దుకొమ్మనుట ఎగతాళి.

ప్రభుత్వమును కోరి చేతులు ముడుచుకొని కూర్చుండుట మా మతము కాదు. చదువరులు తమంతట తాము చేసికొనదగిన పనులున్నవి. నాలుగు సంస్థలనుండియు ఏటికొకసారి ఉచితముగ వచ్చు రిపోర్టును తెప్పించుకొనుడు. మీ రిపోర్టును మీరే చూచుట మెత్తని తనిఖీయే గనుక స్కోరు తగ్గునను భయము వలదు. మూడు మాసములకొకటి చొప్పున తెప్పించుకొనినచో ఏడాది పొడుగునను కాపలా యుండును. తీరిన బాకీ తీరనట్లున్నదా, మీది కాని అప్పు మీ పేరిట నున్నదా, చూచుడు. తప్పు కనబడినచో వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసి తేదీ గుర్తుంచుకొనుడు. 30 దినముల లెక్కకు ఆ తేదీయే ఆధారము. మారిన ఫోను సంఖ్యను బ్యాంకునకు తెలుపుడు. లేనిచో వచ్చెడి హెచ్చరికయు ఇతరుల ఇంటికి పోవును. పరిమితి తగ్గినచో సిగ్గుపడి మిన్నకుండక, కారణమేమని వ్రాసి యడుగుడు. పఠనమందిరములను నడుపు సోదరులు నెలకొక సాయంకాలము ఈ పనికై కేటాయించి, చదువుకొనినవారు చదువనివారి రిపోర్టులను చదివి చెప్పినచో అది గొప్ప దేశసేవయగును.

అప్పుచేసి పప్పుకూడు తినుటను మేము సమర్థింపము. చేసిన అప్పును తీర్చుట ఋణస్థుని ధర్మము. ఆ ధర్మమును తప్పినవానిని కనిపెట్టుట ఋణదాత హక్కు. కాని ధర్మము ఒకవైపున మాత్రమే పగటివెలుగున నిలిచి, హక్కు రెండవవైపున చీకటిలో సంచరించుట న్యాయము కాదు. బ్యాంకు మన లెక్కను చూచుగాక. ఎన్నిసారులు చూచెనో మన లెక్కలో అదియు వ్రాయబడుగాక. అంతకుమించి మేమేమియు కోరుటలేదు; అంతకు తక్కువతో తృప్తిపడబోము.